కొండ మీద నీళ్లు

 

ఈసారి పాఠం పుస్తకం ముందు కూర్చొని రాసింది కాదు, కాళ్ల నొప్పులు తగ్గకముందే రాసింది. కిందటి జనవరిలో మన బాలానగర్ స్టడీ సర్కిల్ నుంచి 31 మందిమి విశాఖపట్నం పోయాం. రుషికొండ నుంచి సముద్రం ఒడ్డు రోడ్డు పట్టుకొని నడిచి, బావికొండ, తొట్లకొండ ఎక్కి వచ్చాం. సంఘం అంటే ఏమిటో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా మీటింగుల్లో చెబుతున్న మాటే కదా. ఆ ఒక్క రోజు నడకలో నాకు తెలియనిది ఎంత ఉందో తెలిసింది. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పాఠం దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ నడక ఎట్లా మొదలైందో చెప్పాలి. మన ఆదివారం మీటింగుకు వచ్చేవాళ్లు మీకు తెలుసు. లేత్ మిషన్ల మీద పనిచేసేవాళ్లు, ఫౌండ్రీల్లో చేసేవాళ్లు, ఒకప్పుడు ఐడీపీఎల్‌లో చేసి రిటైరైనవాళ్లు, ఇళ్లలో పనికి పోయే అక్కలు, ఈ మధ్య కొందరు మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు. ఆ పిల్లల్లో ఒక తమ్ముడు ఒకరోజు అన్నాడు: "అన్నా, మా ఆఫీసోళ్లు నెలకోసారి ట్రెక్కింగ్ పోతరు. మనం ఎందుకు పోవద్దు? మనకు కొండలు లేవా?" ఆ మాటకు అందరూ నవ్వారు. తర్వాత ఎవరికి వాళ్లు ఆలోచించుకున్నారు. నిజమే. మనవాళ్లు ఇంట్లోంచి కదిలితే పెళ్లికి, చావుకు, లేదంటే ధర్నాకు. ఊరికే నడవడానికి, నలుగురితో నవ్వడానికి పోయిన రోజు మనలో ఎంతమందికి గుర్తుంది?

మీటింగులో ఒక పెద్దాయన గట్టిగానే అడ్డం చెప్పాడు. ధమ్మం పేరు పెట్టి పిక్నిక్ ఏమిటన్నాడు. బుద్ధుడు తన మొదటి అరవై మంది భిక్షువులను పంపినప్పుడు ఏ ఇద్దరూ ఒకే దారిన పోవద్దని చెప్పాడు కదా, మనం ముప్పై మందిమి గుంపు కట్టి పోతే అది చారిక ఎట్లా అవుతుందన్నాడు. మంచి ప్రశ్న. ఇట్లాంటి ప్రశ్న వేసేవాళ్లు ఉండబట్టే మన సర్కిల్ బతికి ఉంది.

నేను చెప్పిన జవాబు ఇది. ఆ అరవై మంది నేర్చుకోవడం ముగిసినవాళ్లు, నేర్పడానికి పోతున్నవాళ్లు. ఇద్దరు ఒకే దారిన పోతే ఒక దారి ఖాళీగా ఉండిపోతుంది. ఎక్కువ ఊళ్లకు, ఎక్కువ మందికి ధమ్మం చేరాలన్నది అక్కడి లెక్క. మనం ఇంకా నేర్చుకునే దశలో ఉన్నాం. నేర్చుకునేవాళ్లకు బుద్ధుడు చెప్పిన మాట వేరే ఉంది. ఆనందుడు ఒకసారి వచ్చి, మంచి స్నేహం ధమ్మ జీవితంలో సగం అని తనకు తోస్తోందన్నాడు. బుద్ధుడు ఆ మాట సరిదిద్దాడు. సగం కాదు, మొత్తం అదేనన్నాడు. కల్యాణమిత్రులు ఉన్నవాడు అష్టాంగ మార్గంలో నిలుస్తాడని చెప్పాడు. ఆ బుద్ధుడే 45 ఏళ్లు గంగా మైదానంలో ఊరూరూ కాలినడకన తిరిగాడు. వానాకాలం మూడు నెలలు ఒకచోట ఆగడం, మిగతా కాలం నడవడం. మన ధమ్మం గుడి గర్భంలో పుట్టింది కాదు, రోడ్డు మీద పెరిగింది.

పెద్దాయన ఒప్పుకున్నట్టు తల ఊపలేదు. కానీ రైలు టికెట్టుకు డబ్బులు అందరికంటే ముందు ఆయనే ఇచ్చాడు.

శనివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అందరికీ ఒకే బోగీలో సీట్లు దొరకలేదు, ఆ రైలుకు ఎప్పుడూ ఉండే గొడవే అది. తెల్లారేసరికి విశాఖ. స్టేషన్ దగ్గర ముఖాలు కడుక్కొని, ఇడ్లీ తిని, భీమిలి పోయే బస్సులో రుషికొండ దాకా పోయి దిగాం. అక్కడి నుంచి నడక.

ఆ దారి ఎట్లా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు, మధ్యలో రోడ్డు. తూర్పు కనుమలు అక్కడ సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. కొన్నిచోట్ల కొండ నీడ రోడ్డు దాటి ఇసుక మీద పడుతుంది. తిమ్మాపురం, మంగమారిపేట లాంటి ఊళ్లు ఆ రోడ్డు మీదే వస్తాయి. పడవలు ఒడ్డున పడుకొని ఉంటాయి, వలలు ఆరేసి ఉంటాయి. మంగమారిపేట దగ్గర అలలు కోసి కోసి తలుపు లేని గుమ్మంలా చేసిన రాయి ఒకటి ఉంది. మనవాళ్లలో సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్లు తొమ్మిది మంది. ఒక పెద్దమ్మకు అరవై దాటాయి. ముప్పై ఏళ్లు బాలానగర్ ఇళ్లలో గిన్నెలు తోమిన మనిషి. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని నీళ్లలో నిలబడి, "ఇన్ని నీళ్లున్నయా! ఎవ్వరూ బోరింగు కొట్టకుండనే!" అంది.

నడక మొదలయ్యాక ఎవరు ఎవరితో కలుస్తారో చూడటం నాకు ఇష్టం. మీటింగులో మాట్లాడనివాళ్లు రోడ్డు మీద మాట్లాడతారు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు బయటికి రాని మాట, పక్కపక్కన నడుస్తుంటే వస్తుంది. ఫౌండ్రీలో చేసే ఒక అన్న, తన కొడుకు చదువు మానేసిన సంగతి ఆరోజు దాకా ఎవరికీ చెప్పలేదు. రుషికొండ నుంచి తిమ్మాపురం వచ్చేలోగా నాతో చెప్పాడు.

ట్రెక్కింగ్ మాట ఎత్తిన తమ్ముడు తన ఆఫీసు స్నేహితుణ్ణి ఒకతన్ని వెంట తెచ్చాడు. ఆ అబ్బాయి మనవాళ్ల పిల్లవాడు కాదు. వస్తానని అతనే అడిగాడట. తమ్ముడు రైల్లో నా పక్కన కూర్చొని మెల్లగా చెప్పాడు: "అన్నా, వానికి నేను బుద్ధిజం అంటే ఇంట్రెస్ట్ అని మాత్రమే చెప్పిన. వేరేది చెప్పలే." వేరేది అంటే ఏమిటో నాకు వివరించాల్సిన పని లేదు. ఆఫీసు ట్రెక్కింగుల్లో టిఫిన్ బాక్సులు తెరిచాక మాటలు ఎటు పోతాయో ఆ తమ్ముడు ఇంతకుముందే చెప్పాడు. మీ సొంతూరు ఎక్కడ, ఇంటిపేరు ఏమిటి, మీరు నాన్‌వెజ్‌లో ఏమేం తింటారు, రిజర్వేషన్లు ఎన్నేళ్లు ఉండాలి. నవ్వుతూనే అడుగుతారట. తమ్ముడు నాలుగేళ్లుగా ఊరు పేరు మార్చి, ఇంటిపేరు మింగేసి, నెట్టుకొస్తున్నాడు. "చెప్పేసెయ్" అని నేను అనలేదు. జీతం అతనిది, ఆఫీసులో రోజంతా కూర్చోవలసిందీ అతనే. మీటింగులో కూర్చొని ధైర్యం గురించి ఉపన్యాసాలు ఇవ్వడం నాకు సులువు.

తిమ్మాపురం నుంచి ఎడమకు తిరిగి లోపలికి పోతే బావికొండ. కొండ మీద రాతిలో తొలిచిన బావులు ఉన్నాయి గనక ఆ పేరు. రాష్ట్ర పురావస్తు శాఖ 1982 నుంచి 1987 దాకా తవ్వితే ఒక పెద్ద బౌద్ధ విహారం బయటపడింది. స్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు దొరికాయి. ఒక పాత్రలో ఎముక ముక్క కూడా దొరికింది. అది బుద్ధుని ధాతువు అని చాలామంది నమ్ముతారు. అక్కడ మనవాళ్లలో ఇద్దరు ముగ్గురు మట్టి తీసి కళ్లకు అద్దుకున్నారు. నేను వద్దనలేదు గానీ, భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను. బాబాసాహెబ్ మనకు ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు మొక్కులు మార్చుకోవడానికి ఇచ్చినవి కావు. ధాతువు ఎవరిదో నిరూపించడం పురావస్తువాళ్ల పని. మన పని ఇంకొకటి. రెండు వేల ఏళ్ల కింద ఈ ఎండ కొండ మీద మనుషులు వందల ఏళ్లపాటు కులం అడగకుండా కలిసి ఉండగలిగారు, అది ఎట్లా సాధ్యమైందని ఆలోచించడం. మట్టి అద్దుకుంటే ఈ ప్రశ్న అడగడం మర్చిపోతాం.

సద్ది అక్కడే విప్పాం. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, ఒక అక్క తెచ్చిన చింతకాయ తొక్కు. ఎవరి డబ్బా ఎవరి ముందుకు పోయిందో లెక్క లేదు. ఆఫీసు అబ్బాయి కారానికి కళ్లనీళ్లు పెట్టుకొని కూడా రెండోసారి పెట్టించుకున్నాడు.

బావుల దగ్గర అశోకుని మాట చెప్పుకోవాలి. మనం నిలబడ్డ ఆ తీరం అప్పటి కళింగం వైపు నేల. రాజ్యాభిషేకం అయిన ఎనిమిదేళ్లకు అశోకుడు కళింగం మీద యుద్ధం చేశాడు. లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని ఆయనే తన 13వ శిలాశాసనంలో రాయించుకున్నాడు, పశ్చాత్తాపపడ్డాడు. రెండో శాసనంలో ఏం చేశాడో చెప్పుకున్నాడు. దారుల వెంట బావులు తవ్వించాను, చెట్లు నాటించాను, మనుషులకూ పశువులకూ మందు మొక్కలు పెంచాను అన్నాడు. ఆ శాసనాలు చూడటానికి దూరం పోనక్కర్లేదు, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద ఉన్నాయి. ధమ్మంలోకి వచ్చిన రాజు ముందుగా చేసి చూపించింది బావి. గుడి కాదు. ఈ మాట చెప్పినప్పుడు నాకే బాగా నచ్చింది. ఆ మాట చెప్పిన నోటితోనే మూడు గంటల తర్వాత నేను ఏమన్నానో చూడండి.

బావికొండ దిగి మళ్లీ సముద్రం రోడ్డుకు వచ్చి, మంగమారిపేట దాకా నడిచి, తొట్లకొండ ఎక్కడం మొదలుపెట్టేసరికి ఎండ బాగా ముదిరింది. విశాఖలో జనవరి అంటే చలి అనుకోకండి, మధ్యాహ్నం సముద్రపు ఎండకు చెమట ఆరదు. కొండ మరీ ఎత్తేమీ కాదు, సముద్రమట్టానికి 128 మీటర్లు. పైదాకా తారు రోడ్డు ఉంది. కానీ అప్పటికే ఎన్నో కిలోమీటర్లు నడిచిన కాళ్లకు ఆ మలుపులు చాలు.

నీళ్ల ఏర్పాటు నాది. ఎవరూ బరువు మోయకూడదని, ఇరవై లీటర్ల డబ్బాలు రెండు ఒక ఆటోలో పెట్టించి ముందే కొండపైకి పంపించాను. తెలివైన పని చేశాననుకున్నాను. కింద అందరి చేతుల్లోనూ సీసాలున్నాయి, వాటిలో ఎన్ని ఖాళీ అయ్యాయో నేను చూడలేదు. నీలిజెండా పట్టుకొని పిల్లలతో కలిసి ముందు నడిచాను. వాళ్లు నవ్వుతున్నారు, ఫోటోలు దిగుతున్నారు. వాళ్లతో సమానంగా ఎక్కగలుగుతున్నానని నాకు లోపల కాస్త గర్వం కూడా. వెనక్కి తిరిగి చూడలేదు.

పైకి చేరి, డబ్బా మూత తీసి, రెండు గ్లాసులు తాగాక ఫోను మోగింది. వెనక ఉన్న ఒక అక్క. "అన్నా, పెద్దమ్మకు కండ్లు తిరుగుతున్నయి. సగంల కూసున్నం. నీళ్లు అయిపోయినయి."

నేను అన్నాను: "పైన నీళ్లున్నయి అక్కా. ఇంకెంతో దూరం లేదు, మెల్లగ రాండ్రి."

ఫోను పెట్టేశాను. చెడు ఉద్దేశంతో అనలేదు. అలసటతో అన్నాను, దగ్గరే కదా అనుకొని అన్నాను. నా పక్కన నిలబడి వింటున్న ఆఫీసు అబ్బాయి ఏమీ అనకుండా రెండు సీసాలు నింపుకొని కిందికి పరుగెత్తాడు. అతని వెనక మన తమ్ముడు. అరగంట తర్వాత పెద్దమ్మ, ఇంకో ఇద్దరు అక్కలు, మోకాలి నొప్పి ఉన్న ఐడీపీఎల్ పెద్దాయన, అందరూ మెల్లగా పైకి వచ్చారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. చెట్టు నీడన కూర్చున్నారు.

ఇక తొట్లకొండ గురించి. ఈ కొండ మీద బౌద్ధ విహారం ఉందని ఎవరికీ తెలియని రోజుల్లో, 1976లో నౌకాదళం వాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఇక్కడి శిథిలాలు కంటపడ్డాయి. పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. మహాస్తూపం, చిన్న స్తూపాలు, చైత్యగృహాలు, వరుసలుగా భిక్షువుల గదులు, సభ జరుపుకునే స్తంభాల మండపం, వంటశాల, భోజనశాల, రాళ్లు పరిచిన దారులు, వాన నీరు పోయే కాలువలు బయటపడ్డాయి. బ్రాహ్మీ లిపిలో శాసనాలు దొరికాయి. శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే కింద తీరానికి ఓడలు వచ్చిపోయేవి, వర్తకులు ఈ విహారానికి దానం చేసేవాళ్లు. క్రీస్తుకు ముందు రెండు మూడు వందల ఏళ్ల నుంచి క్రీస్తు తర్వాత రెండు మూడు వందల ఏళ్ల దాకా ఇక్కడ భిక్షువులు ఉన్నారు. ఒకేసారి వంద మందికి పైగా ఉండి ఉంటారని అంచనా. విహారం ఊరికి మరీ దగ్గర ఉండకూడదు, మరీ దూరమూ ఉండకూడదన్నది పాత పద్ధతి. దగ్గరైతే ధ్యానం సాగదు, దూరమైతే భిక్ష దొరకదు, జనానికి ధమ్మం చేరదు. కొండ మీద నిలబడి కింద పల్లెను, పడవలను చూస్తే ఆ లెక్క ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కొంత కూలిపోయింది, ఇప్పుడు మనం చూసేది తర్వాత బాగుచేసింది. పెళ్లి ఫోటోలు తీయించుకునే జంటలు దాని చుట్టూ తిరుగుతుంటాయి. వాళ్లను కోపంగా చూడకండి. మనం ఈ కొండలకు రాకపోతే ఇంకెవరో ఒకరు వస్తారు కదా.

కొండకు ఆ పేరు పెట్టింది స్తూపం వల్ల కాదు, తొట్ల వల్ల. బండను తొలిచి చేసిన నీటి తొట్లు ఇక్కడ చాలా ఉన్నాయి. కొండ మీద ఊట లేదు, నది లేదు. వానాకాలంలో పడ్డ నీటిని పట్టి ఏడాదంతా వాడుకున్నారు. ఆలోచించండి. రాయిని ఉలితో తొలిచిన మనిషి ఒక్కో తొట్టికి ఎన్ని నెలలు పని చేసి ఉంటాడు? తను తాగడానికి ఒక కుండ చాలు. తొట్టి తొలిచాడంటే, తనకు తెలియని ఎవరో వస్తారని, వాళ్లకు దాహం వేస్తుందని అనుకొని తొలిచాడు. మన లేత్ అన్నలు ఆ తొట్ల అంచుల మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశారు. ఒకాయన ఉలి గాట్లు చూపించి, "ఇది కూలికి చేసిన పని కాదన్నా. చూడు, మూల ఎంత శ్రద్ధగ తిప్పిండో" అన్నాడు. అది కూలికి చేసిందో కాదో మనకు తెలియదు. అయినా పనివాడి పనిని పనివాడే చూడాలి.

ఆ తొట్ల దగ్గర కూర్చొని చదవాలని ముందే అనుకున్న పాఠం ఒకటి ఉంది. బాబాసాహెబ్ తన జీవితంలో జరిగిన కొన్ని సంఘటనలు రాసిపెట్టిన చిన్న పుస్తకం 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అందులో మొదటిది 1901లో జరిగిన ప్రయాణం. చదవమని మన తమ్ముడికే ఇచ్చాను.

ఆ కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా మళ్లీ చెప్పుకుందాం. భీమ్‌రావ్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగం. సెలవులకు రమ్మని పిలిచాడు. భీమ్‌రావ్, అన్న, చనిపోయిన అక్క కొడుకులు ఇద్దరు, కొత్త బట్టలు తొడుక్కొని సతారా నుంచి రైలెక్కి మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టర్ మొదట దయగానే మాట్లాడాడు, మహార్లమని తెలియగానే ముఖం మారింది. బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెండింతల కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. రాత్రి అయింది. వెంట అన్నం ఉంది, నీళ్లు లేవు. దారిలో సుంకం వసూలు చేసేవాడి గుడిసె వచ్చింది. బండివాడు ఒక సలహా ఇచ్చాడు: వాడు హిందువు, మీ కులం చెబితే నీళ్లు ఇవ్వడు, ముసల్మానులమని చెప్పి అడిగి చూడండి.

ఇక్కడికి వచ్చేసరికి తమ్ముడి గొంతు ఆగింది. కాగితం చూస్తున్నాడు గానీ చదవడం లేదు. అందరం ఎదురుచూశాం. ఒక నిమిషం తర్వాత కాగితం నా చేతికి ఇచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. పక్కన ఆఫీసు అబ్బాయి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. మిగతాది నేను చదివాను.

పిల్లవాడు భీమ్‌రావ్ ఉర్దూలో అడిగాడు. అయినా ఫలించలేదు. మీ కోసం ఎవరు నీళ్లు పెట్టారిక్కడ అన్నాడు ఆ సుంకంవాడు. కొండ మీద ఉన్నాయి, కావాలంటే పోయి తెచ్చుకోండి అన్నాడు. పిల్లలు ఆ రాత్రి అన్నం పక్కన పెట్టుకొని ఆకలితో, దాహంతో పడుకున్నారు.

ఆ వాక్యం చదివి నేను కూడా ఆగిపోయాను. ఎన్నోసార్లు చదివిన కథ ఇది. మీటింగుల్లో చెప్పి జనాన్ని ఏడిపించిన కథ. గంట కింద ఫోనులో నేను అన్న మాట ఏమిటి? పైన నీళ్లున్నయి, మెల్లగ రాండ్రి. మాట దాదాపు అదే. ఆ సుంకంవాడిలో ద్వేషం ఉంది, నాలో లేదు, నిజమే. కానీ దాహంతో కూర్చున్న మనిషికి ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? ఆమెకు అందింది ఒక్కటే: నీళ్లు పైన ఉన్నాయి, నీ దగ్గర లేవు.

అక్కడే అందరి ముందు ఆ మాట చెప్పాను. కొంతమంది, అట్లా ఎందుకంటావన్నా, అన్నారు. పెద్దమ్మ మాత్రం నన్ను చూసి, "నువ్వు ఆ టోల్‌గేటోని లెక్క కాదు బిడ్డా. గని లెక్క మాత్రం సక్కగ పెట్టలే. ముప్పై ఒక్కమందిమి వచ్చినమన్నవ్, పైకి ఎంతమంది వచ్చిన్రో ఎంచినవా?" అంది. ఎంచలేదు.

వినయపిటకంలో ఒక సంఘటన ఉంది, మన సర్కిల్లో దీన్ని ఎప్పుడూ చదవలేదు. భిక్షువు దగ్గర ఉండవలసిన ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి. నీటిలోని పురుగులు చావకుండా, తను రోగం పడకుండా, వడగట్టి తాగాలి. కోసల దేశంలో ఇద్దరు భిక్షువులు కలిసి ప్రయాణం చేస్తున్నారు. దారిలో ఒకడు తప్పుగా నడుచుకుంటే రెండోవాడు మందలించాడు. మొదటివాడు మనసులో కోపం పెట్టుకున్నాడు. తర్వాత ఆ రెండోవాడికి దాహం వేసింది, వడగట్టే గుడ్డ అడిగాడు. కోపం పెట్టుకున్నవాడు ఇవ్వలేదు. రెండోవాడు దాహంతో చనిపోయాడు. సంగతి బుద్ధుడి దాకా పోయింది. అప్పుడు నియమం పెట్టాడు: దారిలో ఉన్న భిక్షువు వడగట్టే గుడ్డ అడిగితే ఇవ్వకుండా ఉండకూడదు, అది లేకుండా దూరప్రయాణం చేయకూడదు. అది లేనివాడు తన చీవరం అంచుతోనైనా వడగట్టుకొని తాగాలి.

ఈ నియమం వెనక ఉన్న ఆలోచన చూడండి. ప్రేమగా ఉండండి అని చెప్పి వదిలేయలేదు. ప్రేమ ఒకరోజు ఉంటుంది, ఒకరోజు అలసిపోతుంది, ఒకరోజు కోపంలో ఉంటుంది. అందుకని ఏర్పాటు చేశాడు. కోపం ఉన్నా సరే ఇవ్వాలి. అసలు అడగాల్సిన అవసరమే రాకుండా ఎవరి గుడ్డ వాళ్ల దగ్గర ఉండాలి. మైత్రి మనసులో ఉంటే చాలదు, అది సంచిలో కూడా ఉండాలి. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మాటలను తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదని, బుద్ధుని బోధ నుంచి తీసుకున్నానని బాబాసాహెబ్ 1954లో రేడియోలో చెప్పాడు. సోదరభావం అంటే మనం జై భీమ్ చెప్పుకొని కౌగిలించుకోవడం అనుకుంటాం. ఆయనకు అది నీళ్లతో మొదలైన మాట. 1927 మార్చి 20న మహద్‌లో ఆయన చేసింది కూడా ఒక నడకే. సభ నుంచి వేలమంది బారులు తీరి చవదార్ చెరువు దాకా నడిచారు, ఆయన నీళ్లు తాగాడు, వాళ్లూ తాగారు. అందరికీ హక్కుందని బొంబాయి హైకోర్టు చెప్పేసరికి 1937 వచ్చింది. కొన్ని అడుగుల నడకకు పదేళ్ల కోర్టు.

దిగేటప్పుడు వరుస మార్చాం. మోకాలి నొప్పి పెద్దాయన చేతికి జెండా ఇచ్చాం. ఆయన ఎంత మెల్లగా నడిస్తే అందరమూ అంత మెల్లగా. పిల్లలకు మొదట కాళ్లు లాగాయి. తర్వాత అలవాటైంది, పాటలు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే పైకి ఎక్కినప్పటి కంటే దిగినప్పుడే ఎక్కువ నవ్వాం, ఎందుకంటే ముప్పై ఒక్కమందిమీ ఒకరి మాట ఒకరికి వినపడేంత దగ్గరలో ఉన్నాం. నేను అందరికంటే చివర నడిచాను. నా ముందు తమ్ముడు, అతని స్నేహితుడు. ఏదో మాట్లాడుకుంటున్నారు. వినపడకుండా నేను కొంచెం వెనక్కి ఉండిపోయాను.

రెండు వారాల తర్వాత బాలానగర్ అంబేడ్కర్ మెట్రో స్టేషన్ కింద తమ్ముడు కలిశాడు.

"చెప్పేసిన అన్నా" అన్నాడు.

"ఏమన్నడు?"

"ఏమనలే. సోమవారం చాయ్‌కి పిలిచిండు. ముందు కూడ పిలిచేటోడే." కాసేపు ఆగి, "మిగతా టీమోళ్లకు మాత్రం ఇంక చెప్పలే" అన్నాడు.

సరే అన్నాను.

వచ్చే నడక భీమిలి పావురాలకొండకు అనుకుంటున్నాం. అక్కడ కూడా రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. వచ్చేవాళ్లు పేర్లు ఆదివారం మీటింగులో ఇవ్వండి. ప్రతి ఒక్కరూ రెండు లీటర్ల సీసాలు రెండు తెచ్చుకోవాలి, ఆటోలో పంపేది లేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగి మనుషులను లెక్కపెడతాం, ఆ పని పెద్దమ్మకు అప్పగించాం. జెండా మోకాళ్ల నొప్పులున్నవాళ్ల చేతిలో ఉంటుంది. పోయినసారి అడ్డం చెప్పిన పెద్దాయన ఈసారి కూడా డబ్బులు ముందే ఇచ్చాడు, ఇంకా ఒప్పుకోలేదు గానీ.